గవరి కుట్టిన అడ్డుతెర

మగ్గం మీద మనిషి తొలి దారం ఎక్కించిన కాలం అనుకోండి, పిల్లలూ. అంతకంటే కచ్చితంగా నేను చెప్పలేను. చెప్పగలనని ఎవరైనా అంటే మీరు నమ్మనక్కర్లేదు. ఆ కాలంలో ఏటి ఒడ్డున పడుగులపురం అని ఒక రాజ్యం ఉండేది. అక్కడ ఇంటికో మగ్గం. తెల్లవారితే కోడి కంటే ముందు మగ్గమే కూసేది.

ఆ రాజ్యాన్ని ఏలే రాజు మకరాంకుడు. చెడ్డవాడు కాడు. కానీ కొత్త బట్ట వాసనంటే ప్రాణం పెట్టేవాడు.

ఒకసారి ఆయన మంత్రిగారింట పెళ్ళికి వెళ్ళాడు. పైన కట్టిన చాందినీని ఎలుకలు కొరికేసిన సంగతి ఎవరూ చూసుకోలేదు. సరిగ్గా అక్షింతల వేళకి అది చిరిగి, రెండు ఎలుకపిల్లలతో సహా రాజుగారి కిరీటం మీద పడింది. పెళ్ళివారు నవ్వు ఆపుకోలేకపోయారు. రాజుకి మాత్రం నవ్వు రాలేదు.

పక్కనే బట్టల షావుకారు కోటిలింగం ఉన్నాడు. కిరీటం దులుపుతూ రాజు చెవిలో మెల్లగా ఊదాడు.

"ఇది ఎలుకల పని కాదు ప్రభూ. పాత బట్ట పని. పాత బట్టలో పాత దరిద్రం దాక్కుని ఉంటుంది. శుభకార్యం చూసి బయటికొస్తుంది."

ఎలుకని పట్టి శిక్షించడం కష్టం. బట్టని శిక్షించడం సులువు. మర్నాడే వీధి వీధినా దండోరా మోగింది.

"ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, ఇకమీదట ఏ పెళ్ళిలోనూ పాత బట్ట కనిపించరాదు. చాందినీ కొత్తది, తెర కొత్తది, పీటల మీద పరిచేది కొత్తది. అన్నిటి మీదా కోటిలింగంగారి కొట్టు ముద్ర ఉండాలి. పెళ్ళివారింట పాత బట్ట ఉంటే ముహూర్తానికి ముందే నాలుగు వీధుల కూడలిలో తమ చేత్తో తామే కాల్చాలి. రాజాజ్ఞ హో."

జనం భయపడ్డారు. భయపడినవాళ్ళు కాల్చారు. తాతల నాటి జరీపంచెలు, అమ్మమ్మల చీరలు, పసిపిల్లల బొంతలు, అన్నీ కూడలిలో పొగైపోయాయి. కొత్త బట్ట కొనలేనివాళ్ళు పెళ్ళిళ్ళు వాయిదా వేసుకున్నారు.

నేతగాళ్ళు మొదట సంబరపడ్డారు. ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. కోటిలింగం వాళ్ళని పిలిచి, "పెళ్ళి మూడు రోజుల ముచ్చట. దానికి గట్టి నేత ఎందుకు? పలచగా నేయండి, గంజి దట్టంగా పట్టించండి. ముట్టుకుంటే ఫెళఫెళలాడితే చాలు" అన్నాడు. వాళ్ళు తల వంచుకుని అలాగే నేశారు.

ఆ ఊళ్ళో తల వంచని మనిషి ఒకతె ఉంది. ఆమె పేరు గవరి.

గవరి పని పాత చీరలకి కొత్త బతుకు ఇవ్వడం. అంచులు ఊడదీసి గుమ్మాలకి తెరలు కుట్టేది. కొంగులతో దిండు గలీబులు చేసేది. పొరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టేది. చేతికి ఎంత పనితనమో, నోటికి అంత పదును. సంతలో ఆమెతో వాదన పెట్టుకుని నెగ్గినవాళ్ళు లేరు. నెగ్గామని చెప్పుకునేవాళ్ళు ఉన్నారు గానీ, ఆమె ఎదుట చెప్పుకోరు.

గవరికి అమ్మ లేదు. చిన్నప్పుడే పోయింది. అమ్మ ముఖం ఆమెకి గుర్తు లేదు. గుర్తున్నదల్లా అమ్మ పెళ్ళినాటి మధుపర్కం, పసుపులో ముంచిన తెల్ల నూలు చీర. అమ్మమ్మ దాన్ని వేపాకు వేసి పెట్టెలో దాచింది.

ఆ గవరికి పెళ్ళి కుదిరింది. వరుడు ఏట్లో పడవ నడిపే ఎర్రన్న. దండోరా విన్న రోజే గవరి అమ్మ మధుపర్కం బయటికి తీసింది. అక్కడక్కడా చిల్లులు పడింది. కట్టుకుంటే నిలవదు.

"కట్టుకోవడానికి కాదు అమ్మమ్మా," అంది గవరి. "అడ్డుతెర కుడతాను. పెళ్ళిపీటల మీద నాకూ ఎర్రన్నకీ మధ్య ముందుగా నిలబడేది మా అమ్మే కావాలి. పిల్లని ఇచ్చే చెయ్యి ఆమెది. ఆమె పక్కకి తప్పుకున్నాకే మేం ఒకరినొకరం చూసుకుంటాం."

అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని, తన తెల్ల చీర కూడా తీసి ఇచ్చింది. అది వెనక ఆసరాగా వేసి గవరి కుట్టడం మొదలుపెట్టింది. సంగతి విని ఎర్రన్న తల్లి పోలమ్మ రొప్పుతూ వచ్చింది.

"నా కొడుకు పెళ్ళికి తెర కుడుతూ నా చీర ముక్క అడగవా? నేనేం పరాయిదాన్నా?"

"రాజాజ్ఞ ఉంది అత్తా. నీకెందుకు తంటా అని."

"ఆజ్ఞ సంగతి నీ నోరు చూసుకుంటుంది. ఈ ఎర్రంచు సంగతి నీ సూది చూసుకోవాలి. తీసుకో."

అలా ముగ్గురు ఆడవాళ్ళ చీరలు ఒక్క తెరయ్యాయి. పసుపు నడుమ, తెలుపు వెనక, ఎరుపు చుట్టూ. వీధిలోవాళ్ళు వచ్చి చూశారు. చూసి వెళ్ళి, కాల్చకుండా అటక మీద దాచుకున్న చీరలు దించారు. "మా పిల్లకీ ఇలాంటిది కుట్టిపెట్టు గవరీ" అని ఒకరి వెనక ఒకరు రావడం మొదలైంది.

కోటిలింగం కొట్టు ముందు రద్దీ పలచబడింది. ఎందుకని ఆరా తీస్తే గవరి పేరు తెలిసింది.

మొదట భటులు వచ్చారు.

వాళ్ళ నాయకుడు గుమ్మంలో నిలబడి మీసం దువ్వాడు. "ఏమే పిల్లా, ఇంట్లో పాత బట్ట ఉందట. కూడలికి తీసుకురా."

"తెస్తాను బాబూ. ముందు మీ తలపాగా తీయండి. అది ఎప్పటిది?"

నాయకుడు తలపాగా తడుముకున్నాడు. "ఇదా? మా నాన్నది. యుద్ధంలో కట్టుకునేవాడు."

"మరి అందులో దరిద్రం దాక్కుని లేదా?"

"నోర్ముయ్. మా నాన్న పరువు ఇది."

"నా చేతిలో ఉన్నది మా అమ్మ పరువు. నాన్నల పరువు నెత్తిన పెట్టుకుని తిరగొచ్చు, అమ్మల పరువు మాత్రం కాల్చెయ్యాలా? ఏ ధర్మంలో రాసుందో చూపించండి, ఈ క్షణమే కాలుస్తాను."

నాయకుడు మళ్ళీ తలపాగా తడుముకున్నాడు. ఆజ్ఞలో తలపాగాల మాట ఉందో లేదో కనుక్కొస్తానని గొణిగి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

రెండోసారి కోటిలింగమే వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కొత్త పట్టుతెర. ముఖం నిండా తేనె.

"నువ్వు నా కూతురిలాంటిదానివి గవరీ. ఇదిగో, ఊరికే ఇస్తున్నాను. నెమలికంఠం రంగు, జరీ అంచు. బదులుగా ఒక్క చిన్న పని. ఆ పాత తెరని పదిమంది చూస్తుండగా కూడలిలో నీ చేత్తో కాల్చెయ్యి."

గవరి తెర విప్పింది. గంజి పొట్టు జలజలా రాలింది. కుట్టు సాయానికి వచ్చి పక్కనే కూర్చున్న పోలమ్మకి అందించింది. పోలమ్మ దాన్ని ముఖానికి అడ్డంగా పట్టుకుని కోటిలింగం వైపు తిరిగింది.

"షావుకారు బాబూ, మీ మీసాలు కనిపిస్తున్నాయి. మీసం కింద పులిపిరి కూడా కనిపిస్తోంది. ఇది తెరా, పిండి జల్లెడా?"

"వెలుతురు ఎక్కువగా ఉంది," అన్నాడు కోటిలింగం.

"పెళ్ళిళ్ళు చీకట్లో చేసుకోం కదండీ," అంది గవరి. "ముహూర్తందాకా ఒకరికొకరు కనబడకుండా ఆపడమే అడ్డుతెర పని. ఆ ఒక్క పనీ చేతకాని బట్ట శుభమా? తరాలు కాపుకాసిన బట్ట అశుభమా? మీ పట్టు మీరే తీసుకెళ్ళండి. నేను కాల్చను."

కోటిలింగం ముఖంలో తేనె ఇంకిపోయింది. "రాజుగారి ముందు ఇదే మాట అను, చూస్తాను."

"పిలిపించండి. అంటాను."

ఆ మాట తేలిగ్గా అన్నదేమీ కాదు పిల్లలూ. కోటిలింగం వెళ్ళాక సూదిలో దారం ఎక్కించబోతే గవరికి రెండుసార్లు గురి తప్పింది. అయినా ఎక్కించింది.

మూడోసారి పెళ్ళిలోకే వచ్చారు.

పందిట్లో మంగళవాయిద్యాలు మోగుతున్నాయి. గవరి నుదుట బాసికం కట్టారు. తెర పట్టబోతుండగా బిలబిలమంటూ భటులు దిగి వాయిద్యం ఆపించారు. "పెళ్ళికూతుర్ని, తెరని ఉన్నపళంగా సభకి తెమ్మన్నారు ప్రభువులు" అన్నారు. పురోహితుడు గడియలు లెక్క చూసుకుని నిట్టూర్చాడు.

"పదండి," అంది గవరి. "అత్తా, జీలకర్ర బెల్లం, అక్షింతల పళ్ళెం కూడా పట్టుకురా. పెళ్ళి ఆగలేదు. నడుస్తోంది, అంతే."

తెర భుజాన వేసుకుని, బాసికంతోనే వీధిలో నడిచింది. వెనక ఎర్రన్న, అమ్మమ్మ, పళ్ళెంతో పోలమ్మ, పురోహితుడు, ఆ వెనక సగం ఊరు.

సభలో రాజు సింహాసనం మీద ఉన్నాడు. పక్కన రాజమాత. ఎదురుగా కోటిలింగం, తన పట్టుతెర భుజాన వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆజ్ఞ తెలిసే మీరావా?" అన్నాడు రాజు.

"తెలిసే మీరాను ప్రభూ. పొరపాటున మీరితే క్షమాపణ అడిగేదాన్ని. ఆలోచించి మీరాను, అందుకే అడగడం లేదు."

సభ గుసగుసలాడింది. కోటిలింగం ముందుకొచ్చాడు.

"చూశారా ప్రభూ ఆ పొగరు. నా అభియోగాలు మూడు. మొదటిది, పాత బట్ట అశుభం. శుభం మొదలయ్యే చోట అది ఉండకూడదు."

గవరి రాజమాత వైపు తిరిగి నమస్కరించింది.

"అమ్మా, ఒక్క మాట. ప్రభువులు పుట్టినప్పుడు పొత్తిళ్ళలో ఏ బట్ట వేశారు?"

రాజమాత నవ్వింది. "ఇంకేం వేస్తాం? కొత్త బట్ట పసివాడి ఒంటికి గీసుకోదూ? మా అత్తగారి పాత నూలు చీర చింపి పొత్తిళ్ళు చేశాం. ఆవిడ నిండు నూరేళ్ళు బతికింది కదా, ఆ ఆయుష్షు వీడికీ అంటుతుందని. ఆ చీర ఇవ్వడానికి ఆవిడ ఎంత సణిగిందో."

"మనిషికి పుట్టుకని మించిన శుభం లేదు కదా ప్రభూ," అంది గవరి. "ఈ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా ముందు తాకింది పాత బట్టనే. అది అశుభమైతే మీరూ అశుభమే, నేనూ అశుభమే, ఈ షావుకారుగారూ అశుభమే. వారి సంగతి నేను వాదించను గానీ, మిమ్మల్ని అలా అనడానికి నాకు నోరు రాదు."

సభలో ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. రాజు చెవులు ఎర్రబడ్డాయి.

కోటిలింగం గొంతు పెంచాడు. "రెండోది. పొరుగు దేశంవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? పడుగులపురం గతిలేని ఊరని నవ్వరా?"

గవరి వెనకనుంచి ఎర్రన్న ఒక అడుగు ముందుకేశాడు. "దొరా, పొరుగు దేశంవాళ్ళని ఏరు దాటించేది నేనే. కూడలి పొగ చూసి, ఆ కాలుతున్నది ఎవరి శవమని అడుగుతున్నారు. మా అమ్మల చీరలని చెప్పలేక, ఎండుటాకులని అబద్ధం చెబుతున్నాను. సిగ్గుపడాల్సింది ఉంటే అక్కడ ఉంది."

"మూడోది," అన్నాడు కోటిలింగం, ఈసారి నేతగాళ్ళ వైపు చెయ్యి చాపుతూ. "అందరూ పాతవే కుట్టుకుంటే వీళ్ళ నోట్లో మట్టి కొట్టినట్టు కాదా? ఈ పిల్లకి వీళ్ళ ఆకలి పట్టదు."

ఈ మాటలో బలం ఉంది. ఆ సంగతి గవరికి తెలుసు.

"దానికి జవాబు నేను చెబితే అది నా లాభానికి చెప్పినట్టవుతుంది. వాళ్ళనే అడగండి."

నేతగాళ్ళలో పెద్దవాడు పద్మయ్య లేచాడు.

"ప్రభూ, నోట్లోకి ముద్ద వెళ్తోంది. నిజం. కానీ నేను నేసిన బట్ట ఏ ఇంటికి వెళ్ళినా పిల్లల పెళ్ళిళ్ళదాకా ఉంటుందని ఒకప్పుడు ధైర్యంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు నేసినది నా బట్ట అని చెప్పుకోను. నా కొడుకు గట్టి నేత నేయడమే మరిచిపోయాడు. ఇంకొన్నాళ్ళు పోతే ఈ ఊళ్ళో నేత రాదు, గంజి కాయడమే వస్తుంది."

రాజు సింహాసనం దిగి వచ్చాడు. ఒక చేత్తో కోటిలింగం పట్టు, ఒక చేత్తో గవరి భుజాన ఉన్న తెర కొస పట్టుకుని చూశాడు. ఆయన ముఖంలో కోపం తగ్గింది. కానీ ఆయన రాజు. రాజులకి తప్పు తెలియడం ఒక ఎత్తు, ఒప్పుకోవడం ఇంకో ఎత్తు.

"విను పిల్లా," అన్నాడు మెత్తగా. "ఒక మార్గం చెబుతాను. ఇప్పుడు ఈ తెర ఒక్కటి నీ చేత్తో కాల్చు. నా మాట నిలబడుతుంది. రేపు ఉదయమే ఆజ్ఞ రద్దు చేస్తాను. ఇక ఎవరి చీరా కాలదు. ఊరంతా నీ పేరు చెప్పుకుంటుంది."

జనంలో కదలిక. "ఒప్పుకో గవరీ, ఒక్క గుడ్డే కదా" అన్నారు కొందరు. మొన్నటిదాకా తమ చీరలు దాచుకున్నవాళ్ళే. గవరి అమ్మమ్మ వైపు చూసింది. ఆమె తెర రెండో కొసని వేళ్ళతో నిమురుతూ ఉంది.

"ప్రభూ," అంది గవరి, "ఇది తప్పని మీకు తెలిసిపోయింది. తెలిసిన తప్పుని ఇంకొక్కసారి చేసి ఆపేస్తానంటున్నారు. ఆపదలచుకున్నవాళ్ళు ముందే ఆపుతారు. రేపటివాళ్ళ అమ్మలు మిగలడానికి ఇవాళ మా అమ్మ కాలాలా? మీకు భటులున్నారు. లాక్కోగలరు, కాల్చగలరు. అది మీ బలం. కానీ నా చేత్తో నేను కాలిస్తే, పాత బట్ట పాడుదని నేను ఒప్పుకున్నట్టు. ఆ ఒప్పుకోలు మీకు దొరకదు. కాల్చను."

"కాల్చవా?"

"కాల్చను."

రాజు ముఖం మళ్ళీ కందిపోయింది. "భటులారా, లాక్కోండి ఆ తెర."

భటులు కదిలారు. గవరి వాళ్ళ వైపు చూడనైనా లేదు. భుజాన ఉన్న తెరని ఒక్క విసురున విప్పింది. పసుపు, ఎరుపు సభ మధ్య పరుచుకున్నాయి.

"అత్తా, ముహూర్తం దాటిపోతోంది. ఆ కొస పట్టుకో. అయ్యా పంతులుగారూ, మంత్రం చదవండి. ఎర్రన్నా, అవతలికి నడు."

పోలమ్మ పళ్ళెం కింద పెట్టి ఒక కొస పట్టుకుంది. రెండో కొస అమ్మమ్మది. పాపం ముసలిచేతులు పైకి లేవలేదు. తెర ఒక పక్కకి వాలిపోయింది. భటుడి చెయ్యి దాని మీద పడబోయింది.

అంతలో గాజుల చప్పుడైంది. రాజమాత ఆసనం దిగి వచ్చి, అమ్మమ్మ చేతుల్లోంచి కొస అందుకుని పైకెత్తి పట్టుకుంది.

"మా అత్తగారి చీర నిన్ను మోసింది," అంది కొడుకుతో. "ఈ పిల్ల తల్లి చీర నేను మోస్తాను. లాగించాలనుకుంటే నా చేతుల్లోంచి లాగించు నాయనా."

భటులు రాజు వైపు చూశారు. రాజు తల్లి వైపు చూశాడు. పురోహితుడు మంత్రం అందుకున్నాడు.

తెరకి అటు ఎర్రన్న, ఇటు గవరి. ఒకరికొకరు కనబడలేదు. ఆ నేత అంత దట్టం. తెర పైనుంచి చేతులు చాచి ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. అప్పుడు ఇద్దరమ్మలూ తెర దించారు. అంతసేపు రాజుకి జంకని గవరి, ఎర్రన్నని చూసి మాత్రం తల దించుకుంది.

రాజు వంగి పళ్ళెంలోంచి గుప్పెడు అక్షింతలు తీసుకుని వాళ్ళ మీద చల్లాడు.

"ఆజ్ఞ రద్దు," అన్నాడు. "రేపటినుంచి కాదు. ఈ క్షణంనుంచి. నాది తప్పు."

ఆ మాట అన్నాక ఆయన కిరీటం ఏమీ కింద పడలేదు పిల్లలూ.

తర్వాత పడుగులపురంలో పెళ్ళంటే రెండు రకాల బట్టలుండేవి. పద్మయ్య మగ్గం మీద గట్టిగా నేసిన కొత్త చీర ఒంటి మీద, అమ్మమ్మల పాత చీరలతో కుట్టిన చాందినీ నెత్తి మీద. నేతగాళ్ళకి పని పోలేదు. పోయిన పేరు తిరిగి వచ్చింది.

కోటిలింగం గిడ్డంగిలో మాత్రం జల్లెడ బట్ట గుట్టలుగా మిగిలిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. చివరికి ఒక సాయంత్రం ఆ మూట నెత్తిన పెట్టుకుని గవరి ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"దీన్ని ఏం చేయమంటావు గవరీ? కాల్చెయ్యనా?"

గవరి మూట విప్పి చూసింది. ఒక ముక్కని నీళ్ళలో ముంచి పిండి, గంజి వదలగొట్టింది. మడత మీద మడత వేసి చూసింది.

"కాల్చడం ఎందుకు షావుకారుగారూ? నాలుగు పొరలు కలిపి కుడితే వంటింట్లో గిన్నెలు దించుకునే మసిగుడ్డలవుతాయి. కూర్చోండి, సూదిలో దారం ఎక్కించి ఇవ్వండి."

ఆయన కూర్చున్నాడు. ఎక్కించాడు.

ఇక నీతి: పాతబడినంత మాత్రాన ఏదీ అశుభం కాదు, మనవాళ్ళ గుర్తుని మన చేత్తోనే కాల్చమన్నది రాజైనా సరే, కాదని నిలబడటమే ధర్మం.